చీటీ నంబరు నలభై ఒకటి

నిన్న సాయంత్రం ఆరింటికే పోలీస్ స్టేషన్ నుంచి వాణ్ణి వదిలేశారట. నడుచుకుంటూ వెళ్లిపోయాడట. బైపాస్ దగ్గర ఏదో లారీ కొట్టేసి పోయాడట. మేడ మీద అద్దెకుండే కాంపౌండరు చెప్పాడంటూ పక్కింటావిడ ఆ కబురు వీధంతా మోసింది. "తాగి ఉంటాడులే" అని తన వంతు ఓ ముక్క కలిపింది కూడా.

పోయినవాడి అక్క చెవిన పడింది ఆ మాట.

నడుచుకుంటూ... వెళ్లాడా?

పొద్దున మార్చురీలో తమ్ముణ్ణి చూసొచ్చింది తను. ఎడమ మోకాలి కింద ఏమీ లేదు. ఏడేళ్ల క్రితం లిఫ్టు రిపేరు చేస్తూ పోగొట్టుకున్న కాలు అది. దాని బదులు తొడుక్కునే పెట్టుడు కాలు ఒంటి మీద లేదు. శవంతో వచ్చిన సంచిలోనూ లేదు.

మరి ఏ కాలితో నడిచాడు?

ఇప్పుడు ఆ పెట్టుడు కాలు ఆమె చంకలో ఉంది. పాత దుప్పటి ముక్కలో చుట్టి.

వెనక జీపు హారన్!

అక్క పరిగెడుతోంది.

పది నిమిషాల క్రితం స్టేషన్ వెనక గోడ మీంచి అందించింది స్వీపరమ్మ.

"తగలబెట్టమన్నాడు ఎస్సై. నాకు చేతులాడలేదు. పట్టుకుపో. నేనివ్వలేదు, నువ్వు నన్ను చూడలేదు."

"ఎప్పుడు పోయాడు పిన్నీ?"

"తెల్లారగట్ల. లాకప్‌లోనే. నీళ్లడిగాడు..."

ఆ పైన చెప్పలేదు. తల గోడ అవతలికి దిగిపోయింది.

అది తమ్ముడి కాలే. తోలు పట్టీ తను కుట్టిందే. బ్యాగుల షాపులో మిగిలిన గోధుమరంగు తోలు, డబుల్ కుట్టు. చీలమండ దగ్గర దారంతో కట్టిన గుడ్డ చీటీ. నంబరు నలభై ఒకటి. నిన్నటి తేదీ. స్టేషన్ ముద్ర.

మూడింటికి చావు మీద విచారణకి మార్చురీకి మేజిస్ట్రేట్ వస్తుంది. బయట పోయాడని రాస్తే లారీ ప్రమాదం. అక్కడితో సరి. లోపల పోయాడని తేలితే...

జవాబు చెప్పుకోవాల్సింది సర్కారు.

టైము రెండూ యాభై.

స్కూటర్ స్పేర్‌పార్టుల సందులోకి తిరిగింది. జీపు పట్టదు. బ్రేకు కీచుమంది. తలుపు దభాలున పడింది. వెనక బూట్లు.

"ఆగమ్మా! అదిలా ఇచ్చెయ్!"

స్టేషన్ రైటర్. రిజిస్టర్లు రాసే హెడ్ కానిస్టేబుల్. నిన్న ఈమె కళ్లెదుటే తమ్ముడి పేరు రాసుకున్నవాడు.

టైర్ల దొంతర తన్నేసింది. అవి దొర్లాయి. రైటర్ తూలాడు... లేచాడు... మళ్లీ బూట్లు.

ఎదురుగా ఆసుపత్రి వెనక గోడ. పైన ముళ్ల కంచె. కాలిని ముందు విసిరింది. దుప్పటి ముక్క ఊడి, కంచెకి తగిలి అవతల పడింది. చీర చిరిగింది, మోచెయ్యి గీరుకుంది. దూకేసింది.

గోడ అవతల బూట్ల చప్పుడు ఆగిపోయింది.

ఎందుకాగాడు?

ఆలోచించే టైము లేదు. ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి పరుగు. మార్చురీ వరండా. బల్ల వెనక మేజిస్ట్రేట్. పక్కనే, చెమట చుక్కయినా లేకుండా... ఎస్సై.

"ఆరింటికి వదిలేశాం మేడం. ఇదిగో డైరీ."

అక్క కాలిని బల్ల మీద పెట్టింది.

"ఇది వీళ్ల స్టేషన్లో ఉందమ్మా. ఇది లేకుండా వాడు వీధి గుమ్మం దాటలేడు."

ఎస్సై నవ్వాడు. "పాత కాలు మేడం. ఇంట్లోంచి తెచ్చింది."

"చీటీ ఉంది చూడండి..."

చీలమండ తిప్పింది.

దారం ఉంది. చీటీ లేదు.



మెట్ల మీద బూట్లు. రైటర్. రొప్పుతున్నాడు. అరచేతి నిండా నెత్తురు. ఇంక అయిపోయింది అనుకుంది అక్క.

రైటర్ గుప్పిట విప్పాడు.

"కంచెకి చిక్కుకుందండి."

గుడ్డ చీటీ. నలభై ఒకటి.

"ఈ రాత ఎవరిది?" అంది మేజిస్ట్రేట్.

"నాదేనండి. లాకప్‌లోకి పంపేముందు బెల్టు, పర్సు, కాలు... ఏది తీసినా చీటీ కట్టడం ఇరవై ఆరేళ్ల అలవాటు. సామాన్ల రిజిస్టర్లో నలభై ఒకటి చూడండి. తిరిగి తీసుకున్నట్టు సంతకం ఉండదు."

"నిన్ను దేనికి పంపాన్రా నేను?" ఎస్సై పళ్లు నూరాడు.

"దొరికింది తెమ్మన్నారు సార్. తెచ్చాను."

మేజిస్ట్రేట్ డైరీ మూసి, తన మోచేతి కింద పెట్టుకుంది.

ఎస్సై గొంతు మారింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మేడం... రాత్రి కాపలా సెంట్రీది. వాడేం చేశాడో నాకు తెలీదు. ఎవడో ఒక్కడు చేసిన పనికి సర్కారుకేం సంబంధం?"

అక్క కాలిని మళ్లీ చంకలోకి తీసుకోబోయి, ఆగింది.

"మా తమ్ముణ్ణి లోపల పెట్టి వేసిన తాళం సెంట్రీ వాళ్లింట్లోంచి తెచ్చుకున్నాడా?"