ఊఁ కొట్టిన టేపు

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో జులై అంటే చలికాలం, సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. కాత్యాయనికి అదే హాయి. గ్యారేజీలో సగం అడ్డుకట్టి చేసుకున్న చిన్న గదిలో హీటరు పెట్టుకుని పని చేసుకోవచ్చు. పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, గరగరలు తీసి శుభ్రం చేయడం ఆమె పని. ఎక్కువగా పెళ్లి ఉపన్యాసాలు, చర్చి పాటలు వస్తుంటాయి.

ఈసారి వచ్చిన రీలు వేరు. అరవైల్లో నాలుగు హిట్ పాటలు పాడి మెల్‌బోర్న్ అమ్మాయిల్ని వెర్రెత్తించిన రెక్స్ అండర్‌డేల్ అనే కుర్రాడిది. పూల చొక్కాలు, రంగు కళ్లద్దాలు, ఆ కాలపు మత్తు. ఉన్నట్టుండి గిటారు పక్కన పడేసి, స్టూడియోలో దీపాలన్నీ ఆర్పించి, ఉత్త మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడట. కంపెనీ వాళ్లు తల పట్టుకుని ఆ రీలుని అటకెక్కించేశారు. ఇన్నేళ్లకు అతని చెల్లెలు తెచ్చిచ్చింది. "మధ్యమధ్య ఖాళీలుంటాయి. వాటిని మాత్రం తీసెయ్యొద్దు" అంది. ఎందుకని అడిగితే సంచీలో కారు తాళాలు వెతుక్కుంది.

పెట్టె తెరవగానే గుప్పున వెనిగర్ వాసన. పాతబడిన టేపులకు అది మామూలే.

మెత్తటి గొంతు. ఎవరింట్లోనో నడుస్తూ చెబుతున్నట్టుంది. ఇది వంటిల్లు, కుళాయి కారుతోంది అంటాడు. ఖాళీ. ఇది బట్టలుతుక్కునే గది, తలుపు తీసే ఉంది అంటాడు. మళ్లీ ఖాళీ. చిట్టచివర, "ఇది పాప పడుకునే గది కదూ. తీసుకెళ్లనా?" అని అడుగుతాడు. ఆ తర్వాత రీలు అయిపోయేదాకా ఖాళీయే.

రెండో ఖాళీలో కాత్యాయని నోటి నుంచి "ఊఁ" అని వచ్చేసింది. తనకే నవ్వొచ్చింది. కథ చెప్పేవాళ్లకి ఊఁ కొట్టకపోతే ఆపేస్తారని కాకినాడలో చిన్నప్పుడు పట్టుకున్న అలవాటు. కూతురు శ్రావ్యకీ అదే నేర్పింది. ఏడేళ్ల శ్రావ్యకి తెలుగంతా అర్థమవుతుంది గాని బదులన్నీ ఇంగ్లీషులోనే. పడుకునే ముందు కథకి కొట్టే ఊఁ ఒక్కటే ఆ పిల్ల నోట పలికే తెలుగు. ఇక మొగుడు బాలమురళి సంగతి చెప్పక్కర్లేదు. ఫోనులో తల దూర్చి అన్నిటికీ ఊఁ అంటాడు. దేనికి ఒప్పుకున్నాడో కొత్త సోఫా గుమ్మంలో దిగాక గాని ఆయనకి తెలియలేదు.

మర్నాడు శుభ్రం చేద్దామని కూర్చుంటే, ఖాళీల్లో ఏదో సన్నగా వినిపించింది. నిన్నటి తన గొంతేనా? ఆ గదిలో మైకే లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శబ్దం పెంచింది.

"ఊఁ."

శ్రావ్య గొంతు. నిద్రమత్తులో కొట్టే ఊఁ. చివరి ఖాళీలో తప్ప అన్నిటిలోనూ ఉంది.

కాత్యాయనికి ఒళ్లు మండింది. ఇది బాలమురళి పనే. పోయినేడు ఎవరిదో పెళ్లి టేపులో తన తుమ్ము కలిపేసి వారం రోజులు నవ్వాడు.

"నా కంప్యూటర్ ముట్టుకున్నారా?" అని భోజనాల దగ్గర అడిగింది.

"ఊఁ."

"ముట్టుకున్నారా?"

"ఆఁ? లేదే. నీ సిస్టమ్‌తో నాకేం పని కాత్యా?"

మొహం అమాయకంగానే పెట్టాడు. ఆమె నమ్మలేదు. అసలు రీలుని మళ్లీ ఎక్కించి చూస్తే, అందులోనూ ఊఁలు ఉన్నాయి. ఆ మిషన్లో టేపు ఎక్కించడం ఆయనకి రాదు. అయినా అనుమానం ఆయన మీంచి కదల్లేదు. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని రీలు సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆ రాత్రి శ్రావ్య పక్కన పడుకుని, దీపం తీసేసి, మిరపపండు తిన్న చిలక కథ మొదలుపెట్టింది. శ్రావ్య ఊఁ కొడుతోంది. కానీ ఎక్కడో తేడాగా ఉంది. వాక్యం మధ్యలో కొడుతోంది. కాత్యాయని ఆపేసింది.

నిశ్శబ్దం.

"ఊఁ" అంది శ్రావ్య.

మళ్లీ నిశ్శబ్దం... "ఊఁ."

"ఎవరికి కొడుతున్నావే?" అని గుసగుసగా అడిగింది.

"ష్... అమ్మా, హీ ఈజ్ టెల్లింగ్."

వెనిగర్ వాసన. వంటింట్లో కుళాయి చుక్కలు... బట్టల గది తలుపు కిర్రుమంది. రీలంతా ఆమెకి కంఠతా వచ్చేసింది. తర్వాతిది ఈ గదే. ఆ తర్వాత ఆ ప్రశ్నే.

చీకట్లో తడిమి, పాప నోటిని అరచేత్తో గట్టిగా మూసింది. ఊపిరి బిగబట్టింది. ఒక్క క్షణం... ఇంకొక్క క్షణం... ఎవరూ పలకలేదు. గండం గడిచిందనుకుంది.

హాల్లోంచి బాలమురళి గొంతు.

"ఊఁ."

"ఏవండీ..." అరచెయ్యి తీయకుండానే అంది. "ఎవరికి చెప్పారు ఊఁ అని?"

ఆయన గుమ్మంలోకొచ్చి ఫోను వెలుగు మంచం మీదికి తిప్పాడు. "నీకే. ఇప్పుడేగా సోఫా పక్కన నిలబడి అడిగావు, పాపని తీసుకెళ్లనా అని." ఆ వెలుగు మంచం మీద అటూ ఇటూ తిరిగింది. "ఇక్కడ లేదే. మరి ఎక్కడ పడుకోబెట్టావు?"

కాత్యాయని కిందికి చూడలేదు. అరచేతికి వెచ్చటి ఊపిరి ఇంకా తగులుతూనే ఉంది.