తూనీగ దస్తూరి

గాజుగొట్టంలో పసుపు వెలుగు సగం దాకా లేచి, మళ్లీ అడుక్కి జారిపోయింది.

"ఇదీ నప్పలేదండి సార్‌కి," అంది కొట్టులో పనిచేసే గౌతమి, చేతిలోని అట్టముక్క పక్కన పెడుతూ.

కాకినాడ మెయిన్ రోడ్డులో 'తాళపత్రం' కాగితాల కొట్టు శనివారం సాయంత్రాలు కిటకిటలాడుతుంది. ఆదిశేషు చాలాసేపటి నుంచి మక్కువమాపి ముందు కూర్చున్నాడు. దిండు మీద గడ్డం, చల్లటి లోహపు పలక మీద అరచేయి ఆనించాడు. గౌతమి ఒక్కొక్క అట్టే అతని కళ్ల ముందు పెడుతోంది. అన్నింటి మీదా ఉన్నది ఒకటే వాక్యం, "ఈ రోజు గాలి చల్లగా ఉంది" అని. మారేది దస్తూరి మాత్రమే. ఒక్కో రాతను చూసినప్పుడు అతని కంటిపాప ఎంత విచ్చుకుందో, నాడి ఎంత తొందరపడిందో యంత్రం పసిగట్టి, ఆ మేరకు గొట్టంలో వెలుగును లేపుతుంది. మనిషికి ఏది నచ్చిందో మనిషిని అడగనక్కర్లేదు.

యంత్రాలు మనుషుల గొంతునీ ముఖాన్నీ అచ్చు దింపడం నేర్చాక తెర మీది మాటను జనం నమ్మడం మానేశారు. కాగితం మీద చేత్తో రాసినదే మాటగా చెల్లుబాటవుతోంది. కానీ అప్పటికే రెండు తరాల వాళ్లకు రాయడం రాదు. ఆ కొరత తీర్చడానికే దస్తూరికలం పుట్టింది, పాత కలాలు కనుమరుగయ్యాయి. దానిలోని నాడిసిరా రాస్తున్నది ఫలానా మనిషేనని సాక్ష్యం చెబుతుంది. దాని పాళీ వేళ్లను మెల్లగా నడిపించి, కొనుక్కున్న దస్తూరిలో అక్షరాలు దింపుతుంది. డబ్బు పెట్టలేని వాళ్లకు సర్కారు దస్తూరి ఉచితం. అది తిన్నగా, వరసగా, ఆసుపత్రి మంచాల్లా ఉంటుంది. పోర్టులో సముద్రమట్టం చూసే ఉద్యోగంలో ఆదిశేషుకు పై మెట్టు దక్కింది. ఇక సర్కారు దస్తూరితో నెట్టుకు రావడం బాగోదని అతని భార్య పద్మావళి పట్టుబట్టి కొట్టుకు తీసుకొచ్చింది.

అతని కుర్చీ వెనక నిలబడి ఆమె గొట్టాన్నే చూస్తోంది. పక్క బల్ల దగ్గర ఒకావిడ గట్టిగా వాదులాడుతోంది. తను కొన్న దస్తూరినే తోడికోడలికి కూడా అమ్మారట. నిన్న పేరంటానికి ఇద్దరి పిలుపులూ ఒకే రాతలో వెళ్లి నవ్వులపాలయ్యారట. ఏకహక్కు తీసుకుని ఉంటే ఆ దస్తూరి ఇంకెవరికీ అమ్మేవాళ్లం కాదని కొట్టువాళ్లు నచ్చజెబుతున్నారు. పద్మావళి అటు చూసి నవ్వుకుంది. ఆమె ఇటు తిరిగేసరికి గౌతమి కొత్త అట్ట ఎత్తి పట్టుకుని ఉంది.

వెలుగు మెట్లు ఎక్కుతున్నట్టు లేవలేదు. ఒక్కసారిగా గొట్టం మూతి దాకా వెళ్లి తగిలి, అక్కడే నిలబడిపోయింది.

"ఆయ్, దొరికేసిందండి. దీన్ని తూనీగ దస్తూరి అంటారండి," అంది గౌతమి సంబరంగా.

సన్నటి రాత. తలకట్లు గాల్లోకి లేచిపోతున్నట్టున్నాయి. పద్మావళి రాతను వదిలి భర్త ముఖంలోకి చూసింది. నడివీధిలో ఎవరో చిన్నప్పటి పేరు పెట్టి పిలిస్తే మనిషి ఎలా ఆగుతాడో అలా ఉన్నాడు ఆదిశేషు. మరుక్షణం తేరుకుని గడ్డం తీసేశాడు.

"బానే ఉంది," అన్నాడు.

మరీ సన్నంగా ఉందని, ఆఫీసు కాగితాలకు నప్పదని పద్మావళి అంది. అతను సరేనన్నాడు. వెలుగు సగం దాకా వచ్చిన కొంగలబారు దస్తూరి కొనుక్కుని ఇద్దరూ ఇంటికి వచ్చేశారు. వంకాయల దగ్గర కూడా తన మాటే నెగ్గించుకునే మనిషి ఎందుకంత తేలిగ్గా ఒప్పుకున్నాడు? ఆ రాత్రంతా ఆమెను తొలిచింది అదే.

వారం మధ్యలో, తను పాఠాలు చెప్పే బడి అయ్యాక ఆమె ఒక్కతే మళ్లీ కొట్టుకు వెళ్లింది. ఆ రాత ఎవరిదని అడిగింది. గౌతమి దాచలేదు. యంత్రాలు నడిపే రాత కాకుండా సొంతంగా చేయి తిరిగిన వాళ్లు ఊళ్లో కొద్దిమందే మిగిలారు. అలాంటి మూలరాతగాళ్లు గురువారాలు కొట్టులో కూర్చుని, వచ్చిన వాళ్లకు పేర్లు రాసిస్తారు. జనం అది చూసి ముచ్చటపడి ఆ దస్తూరులు కొనుక్కుంటారు. తూనీగ రాసే రేవతి గారు ప్రతి గురువారమూ వస్తారంది.

గురువారం పద్మావళి వరసలో నిలబడింది. రేవతిని చూడకముందే మనసులో ఒక మనిషిని తయారుచేసుకుంది. పెద్ద కళ్లు, జారుముడి, నవ్వితే సొట్టలు. తీరా బల్ల వెనక కూర్చున్నది బక్కపలచని మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ముక్కు మీదకి జారిన కళ్లజోడు. పద్మావళికి ఊరట కలగాల్సింది, కలగలేదు. అందగత్తె అయితే అందం చూసి మోజుపడ్డాడని సరిపెట్టుకునేది. ఈ మనిషిలో ఆయన ఏం చూశాడో తెలియకపోవడమే మంటగా ఉంది.

"ఏం పేరు రాయమంటారండి?"

"ఆదిశేషు."

కలం కాగితం మీద ఆనబోయి ఆగింది. "పోర్టు ఆదిశేషు గారేనా? మీరు..."

"వాళ్లావిడని."

రేవతి ముఖం విప్పారింది. అందులో దొంగతనం లేదు, తడబాటూ లేదు. కాలేజీలో ఒకే బెంచీ అని చెప్పింది. క్లాసంతా తెరల మీద మాట్లాడుకుంటుంటే తామిద్దరమే కాగితం ముక్కల మీద రాసుకునేవాళ్లమంది. ఆయనకు రాయడం నేర్పాలని చాలా పాట్లు పడ్డాను గానీ, ళ దగ్గరా ఱ దగ్గరా చేతులెత్తేశాడని నవ్వింది. తర్వాత తన చదువు వేరే ఊరికి మారిందట. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడానికి అక్కడేమీ లేదో, ఉండీ చెప్పలేదో పద్మావళికి అంతుపట్టలేదు. ఆవిడ రాసిచ్చిన పేరు చేతిలో పట్టుకుని పక్కకు వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి తను వింటున్న ఇంటాయన పేరు ఆ రాతలో వేరే ఎవరిదోలా ఉంది.

అప్పటికప్పుడే ఆమె గౌతమి దగ్గరికి వెళ్లి, తూనీగ ఏకహక్కు కావాలంది. చాలాకాలంగా దాచుకున్నదంతా దానికి సరిపోయింది. గౌతమి షరతులు చదివి వినిపించింది. ఇక ఆ దస్తూరి ఈ ప్రపంచంలో పద్మావళి ఒక్కతిదే. మరెవరి చేతిలోనైనా ఏ దస్తూరికలమైనా ఆ వంపులు తిరిగితే పాళీ బిగుసుకుపోతుంది, సిరా దిగదు.

"మరి ఆవిడకి?" అని అడిగింది పద్మావళి. అడిగినట్టు తనకే వినపడనంత చిన్నగా.

"ఆవిడకైనా అంతేనండి. దస్తూరి ఇచ్చినప్పుడే ఒప్పుకున్నారండి. కాకపోతే ఏకహక్కు తీసుకునేవాళ్లు ఇన్నాళ్లూ ఎవరూ రాలేదండి."

పద్మావళి తూనీగ కలం కొనుక్కుని ఇంటికి వచ్చింది. కలాన్ని బీరువాలో అడుగున పెట్టి తాళం వేసింది. పీడ విరగడైందనుకుంది.

బీరువాలో ఉన్నది ఊరుకోనిస్తేగా. ఆయన ముఖంలో ఆ వెలుగు మళ్లీ వస్తుందా, రాదా? రాదని తేలితే బాగుండునని, ఒకరోజు ఆ కలం తీసి, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని చీటీ రాసి అతని టిఫిన్ డబ్బా మీద అంటించింది. వంటింటి గుమ్మం వెనక నుంచి చూసింది. ఆదిశేషు ఆ చీటీని చాలాసేపు చదివాడు. కొత్తిమీర అన్న మాటకు అంతసేపు అక్కర్లేదు.

"ఈ దస్తూరి కొన్నావా?"

"మీకు నచ్చిందిగా," అంది.

సాయంత్రం అతను కొత్తిమీరతో పాటు చెప్పని పనసతొనలు కూడా తెచ్చాడు. అన్నం తింటూ సముద్రం గోడ దగ్గర తాబేళ్లు కనిపించిన సంగతి చెప్పాడు. భోజనం దగ్గర నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో. మర్నాడు పద్మావళి ఇంకో చీటీ రాసింది, ఆ మర్నాడు మరొకటి. వాన కోటు మరిచిపోవద్దని, అద్దం మీద ధూళి తుడవమని, చిన్నక్క వాళ్లబ్బాయికి ఫోన్ చేయమని. అతను ప్రతి చీటీనీ మడిచి జేబులో పెట్టుకునేవాడు. తిరిగి జవాబు కూడా రాసేవాడు. ఇల్లు కళకళలాడింది. చూసినవాళ్లు కొత్త దంపతుల్లా ఉన్నారన్నారు.

ఆ కళంతా పద్మావళికి కంట్లో నలుసు. ప్రేమగా ఒక చీటీ రాసేది, అతను దాన్ని ప్రేమగా చదవడం చూసి కుతకుత ఉడికిపోయేది. మాట తనది, మురిపెం ఆవిడది. చేజేతులా సవతిని ఇంట్లోకి తెచ్చి, రోజూ తనే పీట వేసి కూర్చోబెడుతోంది. మానేద్దామని ఒకరోజు సర్కారు దస్తూరిలో రాసింది. అతను నిలబడే చదివేసి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ తూనీగే తీసింది.

ఆ కలంలో సిరా అయిపోయి ఒక సాయంత్రం కొట్టుకు వెళ్లినప్పుడు, మక్కువమాపి ముందు రేవతి కూర్చుని కనిపించింది. పద్మావళి తెల్లకాగితాల దొంతర చాటుకు జరిగింది. గౌతమి అట్టలు మారుస్తోంది. జాజితీగ, కొంగలబారు, ముత్యాలకోవ. గొట్టంలో వెలుగు అడుగునే ఉంది, కొంచెమైనా కదలడం లేదు.

"ఇంకోటి చూద్దామండి, మేడమ్."

"ఎన్ని చూసినా అంతేనమ్మా. సర్కారుదే ఇచ్చెయ్యి." రేవతి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇంట్లో సున్న చుడితే కూడా పాళీ బిగుసుకుపోతోంది. నా సున్న కూడా వాళ్లదేనట."

గెలిచానని పద్మావళి మనసు ఒక్క క్షణం ఎగిరింది. దాపరికం ఎందుకు, నిజంగానే ఎగిరింది. ఆ తర్వాత బల్ల మీద ఉన్న రేవతి చేయి చూసింది. చూపుడువేలు గాల్లోనే ఏదో అక్షరం చుట్టబోయి, మధ్యలో ఆగి, ముడుచుకుంది. మూగవాళ్ల నోరు మాటకోసం వెతుక్కోవడం పద్మావళి ఇదివరకు చూసింది. అచ్చం అలాగే ఉంది. ఆమె కాగితాల చాటు నుంచి బయటికి వచ్చింది.

"కొన్నది నేనేనండి."

రేవతి కళ్లజోడు పెట్టుకుని ఆమెను చూసింది. ఎందుకని అడగలేదు. బహుశా అడగాల్సిన అవసరం కనిపించలేదు.

"నా రాతకి ఇంత విలువ ఎవరూ కట్టలేదండి ఇంతవరకూ," అంది. అందులో కోపం ఉందో, వెటకారం ఉందో పోల్చుకోవడం కష్టం.

పద్మావళి ఏకహక్కు ఆవిడకే రాసిచ్చేస్తానంది. గౌతమి తెర మీద ఎంత ప్రయత్నించినా కుదరలేదు. రాతను దాని సొంతదారుకే తిరిగి ఇచ్చే మనిషి ఉంటుందని ఆ ఏర్పాటు చేసినవాళ్లకు తోచలేదు. తెర మీది ఫారంలో దానికి గడి లేదు. ఉన్న దారి ఒక్కటే. హక్కు వదులుకుంటే దస్తూరి ఉమ్మడిదవుతుంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. రేవతికి దాని మీద వచ్చే రాబడి అంతటితో పోతుంది. ఆ సంగతి చెప్పి గౌతమి ఆవిడ వైపు చూసింది.

"అందరిదీ అయితే నాదీ అవుతుంది కదమ్మా," అంది రేవతి. "కానియ్యి."

వానాకాలం పోయేసరికి కాకినాడ అంతా తూనీగే. కాజాల కొట్టు బోర్డు, రేషన్ చీట్లు, పెళ్లి పిలుపులు, బస్సుల మీద ఊళ్ల పేర్లు, అన్నీ ఆ సన్నటి రాతే. అసలు చేయి చూడాలని రేవతి బల్ల దగ్గర గురువారాలు వరస రోడ్డెక్కేది. ఆవిడ కూలి ఆవిడకు గిట్టింది. ఆదిశేషు పక్కన నడుస్తూ పద్మావళి బోర్డుల్ని కాదు, అతన్ని చూసేది. మొదట్లో ప్రతి బోర్డు దగ్గరా అతని నడక కొద్దిగా నెమ్మదించేది. తర్వాత తర్వాత అతను కందిపప్పు ధర చూసుకుంటూ వెళ్లిపోయాడు. కోరుకున్నది అదే. తీరా జరిగాక ఆమెకు దిగులేసింది. ఇక ఇంట్లో తన చీటీలు కూడా బస్సు బోర్డులే అవుతాయి.

ఒకరోజు పొద్దున ఆదిశేషు గుమ్మంలో నిలబడి ఆనాటి చీటీ చదివి, మడిచి, జేబులో పెట్టుకోబోయాడు. పద్మావళి ఉండబట్టలేకపోయింది.

"ఊరంతా అదే రాతయితే దాన్ని ఇంకా దాచుకోవడం ఎందుకండీ?"

అతను చీటీని మళ్లీ విప్పి చూశాడు. "మజ్జిగ తాగి వెళ్లమని ఊళ్లో ఎవరూ రాయలేదు నాకు."

ఆమె గుమ్మానికి ఆనుకుంది. ఇన్నాళ్లూ యంత్రాన్ని, ఆవిడని, కాగితాల్ని అడిగింది, ఈయన్ని తప్ప.

"మొదటి రోజు కొట్టులో ఆ రాత చూసినప్పుడు రేవతి గారే గుర్తొచ్చిందా?"

"వచ్చింది," అన్నాడు ఆదిశేషు. నాన్చలేదు.

"ఇప్పుడు?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ఇప్పుడు కాజాల కొట్టు బోర్డు చూసినా నాకు మజ్జిగే గుర్తొస్తోంది పద్మా."

పద్మావళికి నవ్వొచ్చింది. గ్లాసు తెచ్చి చేతికిచ్చింది, అతను తాగి వెళ్లాడు. వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చింది. ఆయన చెప్పిన రెండు మాటల్లో రెండోది తియ్యగా దిగిపోయింది. "వచ్చింది" అన్న మొదటి మాట మాత్రం గొంతులో చేపముల్లులా నిలబడింది. అది లాగితే వచ్చేది కాదు. రోజూ ఇంత ఉత్త అన్నం ముద్ద మింగుతూ, దాన్ని మెల్లగా కిందికి దింపుకోవాల్సిందే.