తెరిచి కట్టిన గేటు

గేటు బార్లా తెరిచి ఉంది. హెటీకి ఒళ్లు మండిపోయింది.

"సిగ్గు లేదూ ఈ జనానికి!" అని పైకే అనేసింది. వినడానికి గొర్రెలు తప్ప అక్కడ ఎవరూ లేరు.

స్కూలు వదిలాక, గొర్రెలు పెంచే ఎయిరీ గారి పై పొలం మీదుగా ఇంటికి పోతోంది. మా లోయలో పిల్లలకి నడక వచ్చీ రాగానే నేర్పే మాట "గేటు వెయ్యి" అని. హెటీ ఆ మాట మరీ బాగా నేర్చుకుంది. గేటు వెయ్యకుండా పోయే టూరిస్టుల వెంటపడి, వాళ్లని వెనక్కి పిలిచి వేయించేది. పదేళ్ల పిల్ల కదా అని వాళ్లు నవ్వుతూ వేసేవాళ్లు. హెటీ మాత్రం నవ్వేది కాదు.

ఇక్కడ ఎవరో గేటుని తెరిచి, నీలం తాడుతో గోడకి కట్టేసి మరీ పోయారు. ముడి బిగుసుకుపోయి ఉంది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అయినా హెటీ వదలలేదు, పళ్లతో లాగి విప్పింది. గేటు మూసి, గడియ పెట్టి, ఒకసారి ఊపి చూసింది. అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

కొండ నెత్తిన ఆకాశం మసిగుడ్డలా ఉంది. ఏప్రిల్ నెలే అనుకోండి. కానీ మా లోయలో ఏప్రిల్‌ని నమ్మినవాడు చెడ్డాడు. ఆ రాత్రి మంచు పడింది. గాలి తెల్లవార్లూ కిటికీలని బాదుతూనే ఉంది.

మర్నాడు క్లాసులో విల్ఫ్ కుర్చీ ఖాళీగా ఉంది. విల్ఫ్ ఎయిరీ గారి అబ్బాయి. భోజనాల వేళకి వచ్చి హెటీ ఎదురుగా కూలబడ్డాడు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి," అన్నాడు. "ఒకటి నా చేతుల్లోనే పుట్టింది. మొన్ననే. దాని మూతి నేనే తుడిచాను."

"అయ్యో! ఎలారా?" అంది హెటీ.

"ఎవరో గేటు వేసేశారు. మంచు వస్తుందని నాన్న పై పొలం గేటు తెరిచి కట్టాడు. వాతావరణం మారేది గొర్రెలకి మనకంటే ముందే తెలుస్తుంది. అవంతట అవే పిల్లల్ని వెంటేసుకుని కిందికి, గోడ చాటుకి వచ్చేస్తాయి. రాత్రి కూడా వచ్చాయి. గేటు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాయి. ఆ గాలిలో, రాత్రంతా."

హెటీ చేతిలో రొట్టెముక్క బల్ల మీద పెట్టేసింది.

"తాడు విప్పి మరీ వేశారు," అన్నాడు విల్ఫ్. "ఆ ఎర్ర సంచుల టూరిస్టు ఆడవాళ్లే అయ్యుంటారు. శవాల దారి చూడ్డానికి మన ఊళ్లో దిగారు చూడు, వాళ్లు."

"వాళ్లే! వాళ్లు కాక ఇంకెవరు?" అన్నారు పక్కనున్న పిల్లలు. "హెటీ, నువ్వక్కడ ఉండుంటే వాళ్ల దుంప తెంచేదానివి కదే!"

హెటీ తల ఊపింది. తాడు విప్పింది ఎవరో తనకి తెలుసు. కానీ ఊపేసింది.

శవాల దారంటే భయపడకండి. పూర్వం కొండ అవతలి పల్లెలో చర్చి లేదు. ఎవరైనా పోతే కొండ మీదుగా మోసుకుంటూ మా ఊరి చర్చికి తెచ్చేవాళ్లు. అలసిపోయినప్పుడు దారిలో ఒక బల్లపరుపు రాయి మీద శవపేటిక దింపి ఊపిరి పీల్చుకునేవాళ్లు. ఆ దారి నడవడానికి ఇప్పుడు ఎక్కడెక్కణ్నుంచో బూట్లేసుకుని వస్తారు. ఆ రాయి మీదే కూర్చుని శాండ్‌విచ్‌లు తింటారు. పోయినవాళ్లు ఏమీ అనరు కదా.

సాయంత్రం హెటీ స్కూలు నుంచి వస్తుంటే, ఎయిరీ గారి కింది పొలం మొదట్లో కొత్త బోర్డు కనిపించింది. "ఇక ఈ దారిన ఎవరూ నడవకూడదు. ఎయిరీ."

హెటీ గుండె గుభేలుమంది. ఎందుకంటారా? ఆ పొలం దారి చదునుగా ఉంటుంది. హెటీ వాళ్ల నానమ్మ రోజూ ఆ దారినే చర్చికి వెళ్లి, తాతయ్య సమాధి దగ్గర కాసేపు కూర్చుని వచ్చేది. కానీ అది ఊరి దారి కాదు. ఎయిరీ గారు మంచితనంతో నడవనిచ్చిన దారి. ఆయన సరేనన్నన్నాళ్లు నడవాలి, వద్దంటే మానాలి. ఇక మిగిలింది పాత శవాల దారి. దాంట్లో నిటారు రాతిమెట్లెక్కి గోడ దాటాలి. నానమ్మ మోకాళ్లు అందుకు ఒప్పుకోవు.

ఇంటికెళ్లి చూస్తే నానమ్మ లేదు. తలుపు పక్కన చేతికర్ర కూడా లేదు. నానమ్మ ఎంత మొండిదో హెటీకి తెలుసు. పుస్తకాల సంచి అక్కడే పడేసి కొండ వైపు పరుగెత్తింది.

మంచు కరిగి దారంతా చిత్తడిగా ఉంది. పైన సన్నగా వాన. గోడ దాటగానే ఆ బల్లపరుపు రాయి, రాయి మీద ముడుచుకుని నానమ్మ!

"నానమ్మా!"

"అరవకే. మోయించుకుపోయినవాళ్లందరూ లేచొస్తారు."

"ఇక్కడేం చేస్తున్నావు?"

"శవాన్ని దింపే రాయి మీద కూర్చున్నాను. మోసేవాళ్లు రావడమే తరువాయి." నానమ్మ నవ్వబోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి, నవ్వు రాలేదు. మెట్లు దిగుతుంటే కాలు జారిందట. మడమ వాచిపోయి ఉంది.

"ఒక్కరోజు మానేస్తే ఏం పోయింది?" అంది హెటీ ఏడుపు గొంతుతో.

"మీ తాతయ్య బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట పూర్తిగా చెప్పనిచ్చాడా? ఇప్పుడైతే ఎదురు చెప్పకుండా వింటున్నాడు. ఈ సుఖం వదులుకుంటానా?" అంది నానమ్మ. తర్వాత ఆమె గొంతు తగ్గిపోయింది. "అదీ పోయింది ఇక. ఈ మెట్లు మళ్లీ ఎక్కలేను. అంతా ఆ ఎర్ర సంచుల వాళ్ల పుణ్యం. పొద్దున కొట్లో వాళ్లు పలకరిస్తే మొహం తిప్పేసుకున్నాను."

హెటీ ఇక ఆగలేకపోయింది.

"వాళ్లు కాదు నానమ్మా. నేనే. గేటు నేనే వేశాను."

నానమ్మ తల తిప్పి హెటీని చూసింది. వాన ఆమె టోపీ అంచు మీంచి కారుతోంది.

"కట్టి ఉందా, ఊరికే తెరిచి ఉందా?"

"కట్టి ఉంది. ముడి పళ్లతో లాగి విప్పాను."

"పనిలేనివాడెవడైనా అంత గట్టిగా ముడేస్తాడటే?"

"ఎవరో ఆకతాయిలనుకున్నాను. గేటు వెయ్యడం మంచిదే కదా నానమ్మా!"

"మంచిదే," అంది నానమ్మ. "కానీ నాకు చెప్పి ఏం లాభం? చచ్చినవి నా గొర్రెలా?"

ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ ఎలాగో గోడ దాటి, ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి హెటీ భుజం మీద వేసి నానమ్మ కుంటుకుంటూ ఇల్లు చేరింది. అమ్మ పని నుంచి వచ్చి, చీవాట్లు పెడుతూనే మడమకి కట్టు కట్టింది. హెటీ చప్పుడు చెయ్యకుండా బయటపడి ఎయిరీ గారి కొట్టం దారి పట్టింది.

కొట్టంలో ఎయిరీ గారు గడ్డి మీద మోకాళ్లూని కూర్చున్నారు. విల్ఫ్ టార్చి పట్టుకున్నాడు. ఆయన ఒక చిన్న గొర్రెపిల్లకి కోటు లాంటిదేదో తొడుగుతున్నారు. హెటీ దగ్గరికెళ్లి చూసి ఉలిక్కిపడింది. అది చచ్చిపోయిన పిల్ల తోలు.

"దీని తల్లికి మూడు పిల్లలు. దీనికి పాలు చాలడం లేదు," అన్నాడు విల్ఫ్. "ఆ మూలనున్న గొర్రెకి పిల్ల పోయింది. తన పిల్ల వాసన వస్తే గానీ అది పాలివ్వదు."

హెటీ చూపు ఆ తోలు మీంచి కదలలేదు. అయినా చెప్పేసింది. "ఎయిరీ గారూ, గేటు వేసింది నేనండీ. తాడు విప్పింది కూడా నేనే."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"నువ్వా?" అని అరిచాడు విల్ఫ్. "మధ్యాహ్నం నేను ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని తల ఊపావు కదే!" టార్చి గడ్డిలో పడేసి బయటికి వెళ్లిపోయాడు.

ఎయిరీ గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆ టార్చి తీసి పట్టుకో," అన్నారంతే.

ఆయన పిల్లని మూలనున్న గొర్రె ముందు దింపారు. అది వాసన చూసి తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల ఎగిరి గడ్డిలో పడింది, వణుక్కుంటూ లేచింది. తల్లి మళ్లీ వాసన చూసింది. ఈసారి ఆ తోలుని నాకింది. గొంతులో సన్నగా ఏదో శబ్దం చేస్తూ నాకుతూనే ఉంది. తన బిడ్డే తిరిగొచ్చిందనుకుంది, పాపం. పిల్ల పొదుగు అందుకుని తోక ఆడించింది. హెటీకి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏడవకు. అది బెదురుతుంది," అన్నారు ఎయిరీ గారు. కాసేపటికి, "ఇంటికి పో," అన్నారు.

హెటీకి బోర్డు సంగతి అడగాలనుంది. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

రోడ్డు మీదికి వచ్చే గేటు తెరిచి ఉంది. హెటీ చెయ్యి దానంతట అదే గేటు మీదికి పోయింది. అంతలోనే వెనక్కి తీసుకుంది. అటూ ఇటూ చూసింది. దీనికి తాడు లేదు. గొర్రెలు దూరంగా గోడ వారన ఉన్నాయి. రోడ్డు మీద లారీలు తిరుగుతాయి. మరి ఎయిరీ గారు కావాలనే తెరిచారా? ఎంత చూసినా తెలియలేదు. ఇందాక వదిలొచ్చిన ఆ మనిషి మొహం మళ్లీ చూడాలంటే కాళ్లు రాలేదు. అయినా వెనక్కి తిరిగి, బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తింది.

"ఎయిరీ గారూ! రోడ్డు గేటు తెరిచి ఉందండీ. అలాగే ఉండాలా, వెయ్యాలా?"

"రోడ్డు గేటా?" ఆయన మొహం పాలిపోయింది. "ట్రాక్టరు లోపలికి తెచ్చి... నేనే వెయ్యలేదు!"

అంత భారీ మనిషీ జారుకుంటూ పరుగెత్తారు. గోడ దగ్గర నిలబడ్డ విల్ఫ్ కూడా వెనకాలే పరుగెత్తాడు. వాళ్లు వెళ్లేసరికి ఒక పిల్ల అప్పుడే రోడ్డు వారకి వచ్చేసింది. విల్ఫ్ దాన్ని ఎత్తుకుని లోపల వదిలాడు. ఎయిరీ గారు గడియ పెట్టి, గేటు మీద రెండు చేతులూ ఆనించి వగర్చారు.

"పొద్దున్నుంచీ లోకాన్నంతా తిట్టిపోస్తున్నాను," అన్నారు. "నా గేటు నేను వేసుకోలేదు." తర్వాత హెటీ వైపు తిరిగారు. "మీ నానమ్మ నా బోర్డు చూసి ఏమంది?"

"ఏమీ అనలేదండీ. పాత దారిన వెళ్లి, పడి, మడమ వాచింది."

ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. "రేపు పొద్దున్నే ఆ బోర్డు పీకేస్తాను. నడవగలిగినప్పుడు రమ్మను."

హెటీ విల్ఫ్ వైపు చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు. తండ్రి వెనకాల తల దించుకుని కొట్టంలోకి వెళ్లిపోయాడు.

ఇంటి మలుపు వచ్చింది. హెటీ తిరగలేదు. నేరుగా నడిచి, ఎర్ర సంచుల ఆడవాళ్లు దిగిన ఇంటి తలుపు తట్టింది. వాళ్లలో ఒకావిడ తలుపు తీసింది. వెనక సంచులు సర్దేసి ఉన్నాయి.

"ఆ గేటు మీరు వెయ్యలేదండీ," అంది హెటీ వగరుస్తూ. "నేను వేశాను. రేపు క్లాసులో అందరికీ చెప్తాను."

"ఏ గేటమ్మా?" అని అడిగింది ఆవిడ. ఊరంతా ఎందుకు మొహం తిప్పుకుందో పాపం ఆవిడకి ఇంకా తెలియనే తెలియదు.

హెటీ కళ్లు తుడుచుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.