రెండో లైన్లో వెక్కిరింత

అరుణకుమారి గుమ్మంలో అడుగు పెట్టే సమయానికి లక్ష్మీప్రసాద్ చేతిలోని ఫోన్లో ఆమె తండ్రే అరుస్తున్నాడు.

"ఎవుడ్రా అక్కడ? నా మాట నాకే ఎక్కిరిస్తన్నావేటి? ముసలోడంటే నవ్వులాటగా ఉందా?"

ఆ చిన్న ముక్క భిలాయి తెలుగువాళ్ల ఫోన్లన్నిటిలో తిరుగుతోంది. లక్ష్మీప్రసాద్ కూడా పొద్దున్నే ముగ్గురు స్నేహితులకు పంపి, వాళ్లు నవ్వారో లేదో చూసుకుంటున్నాడు. వచ్చినావిడ ఎవరో అతనికి తెలీదు. పెదవుల మీద నవ్వు అలాగే ఉండగా, "కూర్చోండి దీదీ" అన్నాడు.

"ఆపీసినారేటి? ఇనండి, ఫర్వానేదు. ఆయన మా నాన్నగారు."

ఫోను జేబులోకి వెళ్లింది. చెవులు మాత్రం ఎక్కడికీ వెళ్లలేక అక్కడే ఎర్రబడ్డాయి.

లోపలి గదిలోంచి రోహిణి వచ్చి, తనే మంచినీళ్ల గ్లాసు అరుణకుమారి ముందు పెట్టింది. భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ ఊళ్లో, కోర్టు వెనక సందులో ప్రైవేట్ డిటెక్టివ్‌గా ఆమె బోర్డు కట్టి చాలాకాలమైంది. పెళ్లి సంబంధాల వాకబు నుంచి మాయమైన మొగుళ్ల దాకా ఏ కేసయినా ఒకే గొంతుతో వింటుంది. ఆ గొంతంటే ఆమె అసిస్టెంటు లక్ష్మీప్రసాద్‌కి భక్తి.

"మొదట్నించీ చెప్పండి."

భిలాయి సెక్టర్ 7లో మైత్రీవాణి అని చిన్న రేడియో కేంద్రముంది. ఆదివారం పొద్దున్న గంటసేపు తెలుగు కార్యక్రమం. వినేవాళ్లు ఫోన్ చేసి మాట్లాడొచ్చు. అరుణకుమారి తండ్రి గురునాథరావు గూడ్సు బండి డ్రైవరుగా రిటైరై, సెక్టర్ 2లో కూతురి క్వార్టర్లో ఉంటున్నాడు. భార్య అచ్చమ్మ తద్దినం నాడు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని మొట్టమొదటిసారి రేడియోకి ఫోన్ చేశాడు. మధ్యలో ఎవరో తనను వెక్కిరిస్తున్నారని అరిచి పెట్టేశాడు. ఆ మాటలు విన్న ఊరంతటికీ వెక్కిరింత మాత్రం వినపడలేదు.

"రికార్డింగులో కూడా నేదంట. ఎల్లుండి మా తమ్ముడు రాయ్‌పూర్‌లో బుర్ర డాక్టరు దగ్గరికి తీసుకెల్తానంటన్నాడు." అరుణకుమారి గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది. "దానికి భయం కాదు మేడమ్‌గారూ. నాన్నే నన్ను అడిగినారు, 'నిజంగా ఎవులూ అన్నేదా అమ్మీ? అయితే నాకు పిచ్చే' అని. ఆ తరవాత మాటే మానీసినారు. ఆయనకి పిచ్చి నేదని మీరు తేల్చాల. ఆయన నమ్మీలాగ తేల్చాల."

రోహిణి చెప్పులు వేసుకుంది.

*

గురునాథరావు వరండాలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇంజను కూత మీద కూడా గట్టిగా వినపడే గొంతు ఆయనది అని కూతురు చెప్పింది. ఇప్పుడు ఆ గొంతు పైకి రావడం లేదు.

రోహిణి పీట లాక్కుని, ఆయన కంటే కిందుగా కూర్చుంది. "బాబాయ్, మీకు వినపడిందని నేను నమ్ముతున్నాను. ఎలా వినపడిందో అదొక్కటి చెప్పండి."

ఆయన గోడవైపు నుంచి సగం ఇటు తిరిగాడు.

"నాను ఏటంటే అదే."

"మీ మాటలేనా? వేరే మాట ఒక్కటైనా కలిసిందా?"

"నా మాటే. నా యాసే. కొంచెం ఎనకాల వొస్తాది. నాను ఆగితే అదీ ఆగిపోతాది."

"ఆడగొంతా, మగగొంతా?"

"మగోడే. ముసలోడే. నానెలాటోణ్ణో ఆడూ అలాటోడే."

"నవ్వాడా?"

"నేదు." కళ్లు దించుకున్నాడు. "నవ్వినా బాగుణ్ణు. ఎవుడో ఎదవ అనుకుందును."

బయటికొచ్చాక లక్ష్మీప్రసాద్ ఆగలేకపోయాడు. "దీదీ, స్టూడియోలో టెక్నీషియన్ ఉంటాడు కదా. వాడే రహస్యంగా మైకు నొక్కి వెక్కిరించి ఉంటాడు. అది గాల్లోకి పోకుండా ఫోన్లోకి మాత్రమే పోయేలా చేసి ఉంటాడు."

"ముసలాయన గొంతుతో, విజయనగరం యాసతో, మాట మాటకీ వెంటపడి, నవ్వకుండా? అంత పనిమంతుడు మైత్రీవాణిలో ఎందుకుంటాడోయ్!"

*

మైత్రీవాణిని నడిపేది, మరమ్మతు చేసేది, తలుపు తాళం వేసేది అంతా అనిల్‌కుమారే. రోహిణిని చూడగానే గొంతులన్నీ కలిపే మిక్సర్ పక్కనున్న నల్లపెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇదీ మేడమ్, హైబ్రిడ్. డిజిటల్ టెలిఫోన్ లైన్లని మన మిక్సర్‌తో కలుపుతుంది. ఫోన్ చేసినవాళ్ల గొంతు ఇటొస్తుంది, స్టూడియోది అటెళ్తుంది. ఒక్కటే రూలు. ఫోన్ చేసినాయన మాట తప్ప మిగతావన్నీ ఆయనకి పంపాలి."

"ఆ 'తప్ప' తప్పితే?"

"తప్పదు మేడమ్! చూసుకోండి." తన మొబైల్‌తో మొదటి లైనుకి ఫోన్ చేసి, ఒకటీ రెండూ మూడూ అంటూ లెక్కపెట్టి, ఫోను రోహిణి చెవికిచ్చాడు. ఆమె కూడా మాట్లాడి చూసింది. శుభ్రంగా ఉంది. "ఆ ఆదివారం సాయంత్రమే టెస్ట్ చేశాను. పెట్టెలో దోషం లేదు. మరి దోషం ఎక్కడుందో..." అంటూ కణత మీద వేలు తిప్పాడు.

"రెండో లైనుకి కూడా చేశారా?"

"అది జనానికి దొరకదండీ. మొదటిది బిజీగా ఉంటే కాల్ రెండోదానికెళ్తుంది, కానీ ఆదివారం అది కూడా బిజీయే. సుచిత్ర వాళ్లమ్మగారు దాంట్లో ప్రోగ్రామ్ వింటారు. దుర్గ్‌లో మన సిగ్నల్ పట్టదు కదా."

తెలుగు గంట నడిపే సుచిత్ర తలుపు దగ్గర నుంచుంది. "హాఁ, అమ్మకి ప్రోగ్రామ్ అంటే చాలా... శౌఖ్." ఆమె చేతిలో దుపట్టా కొస నలుగుతోంది. "ఆ అంకుల్ అచానక్ అరిచారు మేడమ్. నేను ఏం... మత్‌లబ్, నేను ఏమీ అన్లేదు."

"రికార్డింగు వినిపించండి. మొత్తం గంట."

విన్నారు. మొదట్లో బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ ఫోన్ చేసి, "మా గుంటకి జొరం తగ్గింది, ఆ సంతోషానికి పాటెయ్యమ్మా" అంది. సుచిత్ర గొంతు క్షణం ఆగి, తేనెలా సాగింది. "చల్లటి మాట చెప్పారమ్మా. మీ గుంటకి ఎన్నేళ్లు? దిష్టి తీసీయండి."

లక్ష్మీప్రసాద్ మనసులో చేతులెత్తి మొక్కాడు. భిలాయిలో పుట్టి ఇంత తెలుగు! తనకి అమ్మతో మాట్లాడేటప్పుడే సగం హిందీ దొర్లుతుంది.

చివర్లో గురునాథరావు వచ్చాడు. "మా అచ్చమ్మని నాను గుంటా అనే పిలిసీవోణ్ణి. నా గుంట పోయింది..." మాట తడబడింది. మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ తడబడింది. అప్పుడు సుచిత్ర అంది, "గుంట... అచ్ఛా, రోడ్డు మీద గుంటా అండీ? దాంట్లో పడిపోయారా?"

ఆ వెంటనే, ఊరంతా విన్న ఆ అరుపు. ఫోన్లలో తిరిగిన ముక్కలో సుచిత్ర ప్రశ్న లేదు. కత్తిరించినవాడు నవ్వొచ్చే భాగమే ఉంచుకున్నాడు.

రోహిణి లేచింది. గోడ మేకుకి ఒక పొట్టి తీగ వేలాడుతోంది. రెండు కొసలా మెరిసే పిన్నులు. "ఇదేమిటి?"

"సుచిత్ర వాళ్లమ్మగారి తీగ మేడమ్," అన్నాడు అనిల్‌కుమార్. "ఆదివారం పెట్టుకుంటుంది, అయిపోగానే తీసేస్తుంది."

"రేపు మధ్యాహ్నం అందరం ఇక్కడే కలుద్దాం. సుచిత్రా, మీ అమ్మగారిని కూడా తీసుకురా."

సుచిత్ర చేతిలోంచి దుపట్టా జారింది.

*

మర్నాడు స్టూడియోలో కుర్చీలు చాలలేదు. గురునాథరావు కూతురి పక్కన తలవంచుకుని కూర్చున్నాడు. సుచిత్ర తల్లి సత్యలక్ష్మి చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని గోడకానుకుంది.

"లక్ష్మీప్రసాద్, నువ్వు వరండాలోకెళ్లు," అంది రోహిణి. "స్టూడియోకి ఫోన్ చెయ్యి. నీ గురించి ఏదో ఒకటి తెలుగులో చెప్పు. ఆపకుండా చెప్పు."

తెలుగులోనా అని గొణుక్కున్నాడు. వెళ్లాడు. కాల్ కలిసింది.

"నమస్తే అండీ. నేను లక్ష్మీప్రసాద్ని. మాది... మేము శ్రీకాకుళం వాళ్లం, మగర్ ఇక్కడే పుట్టాను..."

చెవిలో ఎవరో మొదలెట్టారు. *నమస్తే అండీ. నేను లక్ష్మీప్రసాద్ని.* సాగదీసిన గొంతు, తప్పుడు యాస, 'మగర్' అన్నచోట తడబాటుతో సహా. అతను వేగం పెంచాడు. ఆ గొంతు కూడా పెంచింది. అతను ఆగాడు. అది తన పని పూర్తి చేసుకుని ఆగింది. ముఖం భగ్గుమంది. "ఎవరది?" అని అరిచాడు. *ఎవరది?* అని అదీ అరిచింది.

లోపలికి వచ్చేసరికి అందరూ అతన్నే చూస్తున్నారు. గురునాథరావు మొదటిసారి తలెత్తాడు.

"మీరెవరైనా ఇతన్ని వెక్కిరించారా?" అని అడిగింది రోహిణి.

"మేమెవులూ నోరే ఇప్పనేదు," అంది అరుణకుమారి.

"బాబాయ్, వెక్కిరించినవాడు మీరే. మీ మాట ఇక్కడికొచ్చి, గాల్లోకెళ్లే పెద్ద ప్రోగ్రామ్‌లో కలిసి, డిజిటల్ దారి కాబట్టి కొంచెం ఆలస్యంగా తిరిగి మీ చెవికే చేరింది. మీకు పిచ్చి లేదు. పెట్టెకీ దోషం లేదు. దోషం ఇందులో ఉంది." లక్ష్మీప్రసాద్ కాల్ రెండో లైనుకి వచ్చేలా ముందే మొదటిది బిజీ చేయించి, దాని వెనక తను గుచ్చిన పొట్టి తీగను చూపించింది. "అనిల్ చెప్పిన 'తప్ప' మొదటి లైనుకి భద్రంగా ఉంది. ఫోన్ చేసేవాళ్ల మాటలు సుచిత్ర అమ్మగారికి వినపడాలని ఈ తీగ పెడితే రెండో లైనుకి అంతా వెళ్తుంది, మాట్లాడేవాడి మాటతో సహా."

అనిల్‌కుమార్ నెత్తి కొట్టుకున్నాడు. "కానీ మేడమ్, దాంట్లో ఆంటీ ఉంటారు! ఆవిడ వింటారంతే."

"వినడానికైతే ఆ లైను ఒకవైపే చాలు. సుచిత్ర ఇయర్‌ఫోన్లో ఆవిడ గొంతు వచ్చేలా ఎందుకు కలిపి ఉంది?" రోహిణి గొంతు పెరగలేదు. "ఒకే గంటలో, ఒకే మనిషికి, ఒకే మాట. మొదట గుంట అంటే ఆడపిల్ల అని తెలిసింది. చివర్లో గుంట అంటే గొయ్యి అయిపోయింది. గంటలో ఎవరూ తెలుగు మర్చిపోరు. ఆ మాట తెలిసిన మనిషి మధ్యలో లేచి వెళ్లిపోయింది. అవునా అమ్మా?"

సత్యలక్ష్మి సంచీని దగ్గరకి లాక్కుంది. "నా ఫోనుకి ఛార్జింగ్ అయిపోనాది. నానుంటే సెప్పీదాన్ని, గుంటంటే పిల్ల అని. సుచిత్ర ఏటనాలో తెలీక ఆగినప్పుడల్లా నానే అందిస్తాను."

"రెండో లైను అలా ఖాళీ అయింది," అని అందుకుంది రోహిణి. "మొదటిదాంట్లో వేరెవరో ఎదురుచూస్తున్నారు. కాల్ నేరుగా రెండోదానికొచ్చింది. మిగతాది ఊరంతా విన్నదే."

సుచిత్ర నేలకేసే చూస్తోంది. "ఎకో వస్తుందని నాకు తెలీదు. కసమ్. హిందీవాళ్లు మమ్మల్ని మద్రాసీ అంటారు, తెలుగువాళ్లు హిందీది అంటారు. ఒక్క ఈ గంటలోనే నేను తెలుగమ్మాయిని. నా తెలుగు ఎంత బాగుందో అని అందరూ అంటుంటే, అది అమ్మదని ఎలా చెప్పను?"

"ఎకో సంగతి తెలీదు, నిజమే. గుంట సంగతి ఎప్పుడు తెలిసింది?"

సుచిత్ర తల్లి వైపు చూసింది. "ఆ రోజే. ఇంటికెళ్లి అమ్మని అడిగాను. ఆయన పోయిన భార్య గురించి చెప్తుంటే నేను గొయ్యి అన్నానని తెలిసింది. ఆయనకి కోపం రావడానికి కారణముందని తెలిసింది." దుపట్టాతో ముఖం తుడుచుకుంది. "అందరూ పాగల్ అంటుంటే... నేను చుప్‌చాప్ ఉన్నాను."

లక్ష్మీప్రసాద్ జేబులోని ఫోను ఇటుకంత బరువుగా ఉంది.

రోహిణి తీగ ఊడదీసి, తన ఫోన్లో మళ్లీ స్టూడియోకి కలిపి గురునాథరావు చేతిలో పెట్టింది. "ఇప్పుడు మాట్లాడండి బాబాయ్. అదే లైను."

ఆయన ఫోనుని తేలుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. సుచిత్ర మైకు ముందుకెళ్లి కూర్చుంది. అద్దానికి ఇవతల ఆయన, అవతల ఆమె.

"నానే... గురునాథరావుని."

ఆగాడు. వెంటపడే ఆ ముసలిగొంతు కోసం ఎదురుచూశాడు.

ఏమీ రాలేదు.

"నా గుంట పేరు అచ్చమ్మ," అన్నాడు, ఇంకాస్త గట్టిగా. ఏమీ రాలేదు. అరుణకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"తాతగారూ," అంది సుచిత్ర. ఆమె ఇయర్‌ఫోన్లో అందించేవాళ్లు లేరు. "నేను... నాకు తెలుగు పూరా రాదు. మీరు చెప్పండి. ఆవిడ గురించి. నాకు అర్థం కాకపోతే... అడుగుతాను."

గురునాథరావు గుమ్మం దగ్గర నుంచున్న లక్ష్మీప్రసాద్ వైపు తిరిగాడు.

"నీకెలగున్నాది బాబూ, ఇందాక?"

"సిగ్గేసింది తాతా."

"మరే." తల ఊపాడు. "నాను అందుకే అరిసినాను."

ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంజను కూత మీద వినపడే గొంతు నెమ్మదిగా వెనక్కొచ్చింది.

"ఇనుకో గుంటా, సెప్తాను."