కుడి రెక్క కొస

గ్లైడరుకు ఇంజను ఉండదు. పొట్ట కింద ఒకే ఒక చక్రం. అందుకే నేల మీద ఉన్నంతసేపూ అది ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. ఒక రెక్క కొస మట్టిలో, రెండోది ఆకాశం వైపు. అది సమంగా నిలబడాలంటే ఎవరో ఒకరు రెక్క కొస పట్టుకొని ఉండాల్సిందే.

మునిచంద్ర సార్ మొదటి రోజే మాకు చెప్పిన మాట ఇది. "రెక్క పట్టుకున్నోడు ఊరికే ఇడవకూడదు. ఇంకొకరొచ్చి పట్టుకోని 'నా చేతిలో ఉండాది' అనాల. అప్పుడే ఇడవాల. ఎవురూ రాకపోతే మెల్లిగా నేలకు దించాల. ఠపీమని ఇడిస్తే రెక్క ఇరిగిపోతాది."

పుంగనూరు నుంచి సదుం వైపు పోయే దారిలో, కొండల మధ్య పొడుగాటి బయలు ఒకటి ఉంది. సార్ గ్లైడరు నేర్పేది అక్కడే. ఒక రేకుల షెడ్డు, ఒక తెల్ల గ్లైడరు, బయలుకు అవతలి కొసన పాత లారీ ఇంజనుతో చేసిన వించి. ఆ వించి ఇనుప తాడును చరచరా చుట్టుకుంటూ ఉంటే గ్లైడరు గాలిపటంలా పైకి లేస్తుంది. పైకెక్కాక తాడు వదిలేస్తే ఇక అంతా గాలి దయ.

నా తమ్ముడు జుబేర్ అక్కడ నేర్చుకుంటున్నాడు. నన్ను ఆపా అంటాడు, అక్కా అని. నేను మెహ్‌నాజ్. పుంగనూరులో మా అబ్బా వెల్డింగు షాపు వెనక గదిలో కెమెరాలు బిగించే క్లాంపులు తయారు చేస్తాను. బైకులకు బిగించాను, ట్రాక్టర్లకు బిగించాను, ఒకసారి మదనపల్లె నుంచి చెన్నైకి పోయే టమోటా లారీ నెత్తిన కూడా బిగించాను. ఏదీ ఊడలేదు. గ్లైడరుకు బయట వైపు ఒక చిన్న కెమెరా బిగించి, కొండల మీద పొద్దు గూకేది తీయాలని నాకే ఆశ పుట్టింది. జుబేర్‌ను నేనే ఒప్పించాను. అమ్మీని కూడా.

"వాణ్ణి నీ చేతిలో పెడతాండా" అంది అమ్మీ.

ఆ సాయంత్రం వాన వెలిసి, చుట్టూ వేరుశెనగ చేలు పచ్చివాసన కొడుతున్నాయి. కెమెరా, క్లాంపు, బొమ్మను నా ఫోనుకు పంపే చిన్న ట్రాన్స్‌మిటర్, అన్నీ కలిపి రెండు వందల పది గ్రాములు. తక్కువే. కానీ రెక్క కొస అంటే గ్లైడరు నడుముకు ఏడున్నర మీటర్ల దూరం. అంత దూరాన రెండు వందల పది గ్రాములు పెడితే, నడిపేవాడి పక్కన అర మీటరు దూరంలో మూడు కిలోల బియ్యం సంచి పెట్టినట్టే. అందుకని ఎడమ కొసకు సరిగ్గా అంతే బరువున్న సీసం ముక్కను టేపుతో అంటించాను.

రెక్కకు కొత్తగా చిల్లు పెట్టొద్దని సార్ ముందే చెప్పారు. ఉత్త టేపును నేను నమ్మను. ఏం చేయాలా అని కుడి కొస అడుగున వేళ్లతో తడుముతుంటే రంగు కింద రెండు గుండ్రని మచ్చలు తగిలాయి. గోటితో గీరాను. లప్పం రాలింది. పాత చిల్లులు. ఎవరో పూడ్చినవి. ఆరు మిల్లీమీటర్ల బోల్టు నా కోసమే అన్నట్టు సరిగ్గా పట్టింది.

అడగొచ్చు. సార్ బయలు అవతల వించి దగ్గర ఉన్నారు, నా చేతిలో వాకీటాకీ ఉంది. కానీ పొద్దు దిగిపోతోంది.

కుడి రెక్క నేల మీదే ఉంది. అడుగున నట్టు బిగించాలంటే కాస్త ఎత్తాలి. "జుబేర్, ఎత్తరా కొంచెం" అన్నాను, తల ఎత్తకుండానే.

రెక్క లేచింది. నా భుజం దాకా వచ్చి ఆగింది. కింద మోకాళ్ల మీద కూర్చొని నట్లు బిగించాను. క్లాంపు ఊడినా కెమెరా పడిపోకుండా నైలాన్ తాడుతో ఒక ఉచ్చు కూడా వేసి కట్టాను. బీడీ వాసన వచ్చింది. వీడెప్పుడు మొదలుపెట్టాడు, అమ్మీతో చెప్పాలి అనుకున్నాను.

"చాలు. దించురా."

రెక్క దిగింది. మెల్లిగా... పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.

లేచి చూశాను. జుబేర్ షెడ్డు దగ్గర్నుంచి రెండు టీ గ్లాసులు పట్టుకొని వస్తున్నాడు. ఇంకా చాలా దూరంలో ఉన్నాడు.

"నువ్వు ఎత్తలేదా?"

"ఏంది ఆపా ఎత్తేది? టీ చల్లారిపోతాదని నేనొస్తాంటే."

గాలి అయి ఉంటుంది అనుకున్నాను. గడ్డి మాత్రం కదలడం లేదు.

వాకీటాకీలో సార్ గొంతు వినిపించింది. "అయిందామ్మా? మీ పుంగనూరోళ్లకు ఆవైనా పొట్టిదే, కెమెరా అయినా పొట్టిదే. గట్టిగా ఉండాదా?"

"లారీకి కట్టి ఈడ్సినా ఊడదు సార్."

"ఒక్క రౌండే. సీకటి పడకముందే దిగాల."

జుబేర్ లోపల కూర్చొని అద్దం మూత వేసుకున్నాడు. నేను పైకి లేచి ఉన్న ఎడమ కొసను కిందికి లాగి, రెక్కలు సమంగా ఉండేలా పట్టుకున్నాను. తాడు బిగుసుకుంది. పది అడుగులు పరుగెత్తానో లేదో రెక్క నా చేతుల్లోంచి జారి లేచిపోయింది. తాడు వదిలిన టక్కుమనే శబ్దం... ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

ఫోను చూశాను. కొసన ఉన్న కెమెరా లోపలి వైపుకు చూస్తోంది. తెల్లగా, పొడుగ్గా రెక్క. దాని చివర అద్దంలో జుబేర్ తల. వెనక ఎర్రటి కొండలు. అంత అందమైన బొమ్మ నేను ఎప్పుడూ తీయలేదు. నాలో నేనే నవ్వుకున్నాను.

"ఆపా" అన్నాడు జుబేర్ వాకీటాకీలో. "కుడి రెక్క బరువుగా ఉండాది."

"రెండు పక్కలా ఒకే బరువు పెట్టినానురా. కాటా ఏసి పెట్టినా."

"నడిపే కర్రను ఎడమకు సగం దాకా తోసి పట్టుకోవాల్సొస్తాంది. ఇడిస్తే కుడికి పడతాంది."

సగం దాకా. మనసులోనే లెక్క వేశాను. రెండు వందల పది గ్రాములు అంత పని చేయవు. రెండు కిలోలు పెట్టినా చేయవు. ఆ కొసన నాలుగు కిలోలో, ఐదు కిలోలో ఉండాలి. ఎక్కణ్ణుంచి వచ్చాయి?

ఫోనును ముఖానికి దగ్గరగా పట్టుకున్నాను.

బొమ్మ కింది అంచున ఏదో నల్లగా ఉంది. కెమెరాకు బాగా దగ్గరగా, మసకగా. నైలాన్ తాడు కొస అనుకున్నాను.

అది కదిలింది. నాలుగుగా విడిపోయింది.

వేళ్లు.

కెమెరా వెనక నుంచి ముందుకు వచ్చి, రెక్క అంచును పట్టుకొని ఉన్నాయి. ముడతలు పడిన కణుపులు. గోళ్లలో మట్టి. మణికట్టుకు నా నైలాన్ ఉచ్చు. దాని పైన పచ్చబడిన రాగి కడియం.

నేల నుంచి మూడు వందల మీటర్ల ఎత్తులో...

"జుబేర్." వాకీటాకీ మీట నొక్కాను. "కుడి పక్క సూడు. కొసన ఏముండాది?"

"కెమెరా ఉండాది."

"ఇంకా?"

"ఇంకేముంటాది ఆపా? యాల అడగతాండావు?"

వాడికి కనిపించడం లేదు. కెమెరాకే కనిపిస్తోంది.

వెనక మోపెడ్ ఆగింది. మునిచంద్ర సార్ దిగి, గ్లైడరు కుడికి ఒరిగి తిరుగుతుండడం చూసి నా దగ్గరికి పరుగున వచ్చారు. ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకొని చూశారు. ఆ తరవాత, ఎవరైనా వింటారేమో అన్నట్టు గుసగుసగా అన్నారు.

"కొండప్ప."

"ఎవురు సార్?"

"కెమెరా యాడ బిగించినావమ్మా? టేపు కాదా?"

"అడుగున పాత చిల్లులుంటే..."

"వాటిని పూడ్సింది నేనే." ఆయన తల ఎత్తి గ్లైడరు వైపు చూశారు. "ఆడ తోలు పిడి ఉండేది. రెక్క పట్టుకునేదానికి. కొండప్ప మా రెక్క మనిషి. ఎవురో ఒకరు 'నా చేతిలో ఉండాది' అనేదాకా ఇడిసేవాడు కాదు. ఆ పొద్దు చెయ్యి పిడిలో ఇరుక్కుంది. తాడు లాగేసింది. లోపల ఉండింది నేనేనమ్మా. కుడి రెక్క బరువుగా ఉండాదే అనుకుంటానే ఉండాను... ఎందుకో తెలీలే."

"దిగినాక?"

"దిగినాక పిడి ఒకటే ఉండె."

పైన గ్లైడరు కుడికి, ఇంకా కుడికి తిరుగుతోంది. ఒక్కో చుట్టుకూ కిందికి దిగుతోంది. కొండల మీద ఎరుపు పోయి బూడిద రంగు కమ్ముకుంది.

అప్పుడు నా లెక్క నాకు అర్థమైంది. కొసకు ఒక మనిషి వేలాడుతుంటే అరవై కిలోలు. గ్లైడరు ఎప్పుడో తిరగబడి పడిపోయి ఉండేది. అది వేలాడే మనిషి బరువు కాదు. నాలుగైదు కిలోలు... ఒక్క చెయ్యి బరువు. కింద పడుతున్నవాడు పట్టుకున్నట్టు లేదు. పక్కనే నడుస్తూ పట్టుకున్నట్టు ఉంది.

"సార్, దిగేటప్పుడు వేగం తగ్గుతాది కదా. తగ్గితే కర్ర పని చెయ్యదు."

"చెయ్యదు."

"అప్పుడు కుడి రెక్క నేలకు తగుల్తాది."

ఆ వేగంలో ఒక కొస నేలకు తగిలితే గ్లైడరు ఆ కొస మీద గిర్రున తిరిగి, బోర్లా పడుతుంది. ముక్కు ముందు. ముక్కులో నా తమ్ముడు.

సార్ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకొని అన్నారు. "కొండప్పా... ఇడువు. నేను మునిచంద్రను చెప్తాండా. ఇడువప్పా."

ఫోనులో వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

"ఎవురితో మాట్లాడతాండారు సార్?" అన్నాడు జుబేర్.

రేడియోలో తెలుగులోనే మాట్లాడాలని, అందరికీ అర్థం కావాలని సార్ రూలు. వాడు ఎప్పుడూ తప్పలేదు. ఆ క్షణం మా ఇంటి మాటలో, చిన్నప్పుడు దుప్పటి కింద మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఆపా... డర్ లగ్రా."

భయమేస్తోందట.

"నేరుగా రారా" అన్నాను. "నువ్వు నేరుగా రా, అంతే. రెక్క నేను పట్టుకుంటా."

"పోవద్దమ్మా" అన్నారు సార్. "దిగే గ్లైడరుకు ఎదురు పోతే రెక్క నడుముకు తగుల్తాది. ఇద్దరూ పోతారు."

పరుగెత్తాను. ఎదురు కాదు, అది దిగి ఆగే వైపుకు. తడి మట్టి చెప్పులకు అంటుకుంటోంది. చెప్పులు వదిలేశాను. నా వెనక ఈల వేసినట్టు గాలి కోసుకుంటూ వస్తున్న శబ్దం... అది పక్కకు వచ్చింది. దాటిపోయింది. చక్రం నేలకు తాకింది. ఎగిరింది. మళ్లీ తాకింది. కుడి రెక్క వంగుతోంది. గడ్డిని కోస్తోంది. ఇంక జానెడు...

ఆ జానెడు దగ్గర ఆగింది. ఊగుతూ ఉండిపోయింది. నేను రావాలని కాచుకున్నట్టు.

గ్లైడరు నడక వేగానికి వచ్చేసరికి అందుకున్నాను. రెండు చేతులతో కొసను పట్టుకున్నాను. కళ్లకు ఏమీ కనపడలేదు. కానీ నా ఎడమ అరచేతి కింద ఉన్నది రెక్క కాదు. చల్లగా ఉంది. కణుపులు ఉన్నాయి. బీడీ వాసన, పాత చెమట వాసన, నా ముఖానికి అంత దగ్గరగా.

"నా చేతిలో ఉండాది" అన్నాను.

వదల్లేదు. రెక్క ఇంకా కిందికి గుంజింది. నన్ను మోకాళ్ల మీద ఈడ్చుకుపోయింది.

"నా చేతిలో ఉండాది కొండప్పా. నేను పట్టుకున్నా. నా తమ్ముడు లోపల ఉండాడు. ఇడువప్పా... నా చేతిలో ఉండాది."

ఒక్కో వేలూ... నా అరచేతి కింద నుంచి... జారిపోయింది.

రెక్క తేలికైపోయింది. రెండు వందల పది గ్రాముల బరువు. అంతే. గ్లైడరు ఆగింది.

"జుబేర్."

పలకలేదు. అద్దం లోపల వాడి తల రొమ్ము మీదికి వాలి ఉంది.

"జుబేర్!"

ఎలా వెళ్లానో తెలియదు. మూత లాగి తెరిచాను. వాడు ఊపిరి తీస్తున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. వేళ్లు కర్రను బిగించి పట్టుకొని ఉన్నాయి. ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. అప్పుడు ఏడ్చాడు. వాడి నెత్తిని కడుపుకు హత్తుకొని, అమ్మీ, అమ్మీ అని నేనే గొణుగుతున్నాను. సార్ రొప్పుతూ వచ్చి మా పక్కన నిలబడ్డారు. చాలాసేపు ముగ్గురం అలాగే ఉన్నాం. చీకటి పడిపోయింది. కప్పలు మొదలుపెట్టాయి.

"అమ్మా" అన్నారు సార్. ఆయన నన్ను చూడడం లేదు. నా వెనక్కు చూస్తున్నారు. "రెక్కను నేలకు దించినావా?"

దించలేదు. వదిలేసి వచ్చాను. ఎవరి చేతిలోనూ పెట్టకుండా ఠపీమని వదిలేసి, తమ్ముడి దగ్గరికి పరుగెత్తాను.

కానీ పడిన శబ్దం నేను వినలేదు.

మెల్లిగా తిరిగి చూశాను. మసక వెలుతురులో గ్లైడరు సమంగా నిలబడి ఉంది. కుడి కొస నేలకు తగల్లేదు. ఎడమ కొస నేలకు తగల్లేదు. చుట్టూ బయలంతా ఖాళీ.

జుబేర్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఆపా, ఎవురు పట్టుకోనుండారు?"

మేం చూస్తుండగానే కుడి కొస కొంచెం కిందికి వాలింది. ఒక్క క్షణం ఆగింది. మళ్లీ లేచి సమమైంది... చాలాసేపుగా నిలబడి నొప్పి పుట్టినవాడు చెయ్యి మార్చుకున్నట్టు.