కోల్డ్ స్టోరేజీ గడియ

ఫ్రిజ్‌లు బాగుచేసేవాడికి ఎవరిల్లయితే ఏంటి? కంప్రెసర్ చూశామా, గ్యాస్ నింపామా, చేతులు కడుక్కుని బయటపడ్డామా, అంతే. కానీ ఆ సాయంత్రం చీటీ మీద అడ్రసు రెండుసార్లు చదువుకున్నాడు పిల్లికళ్లోడు. అది చిన్నప్పటి బడి స్నేహితుడు నత్తోడి ఇల్లు. ఇరవై ఏళ్లుగా ఆ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి పోయే మనిషి, ఈసారి సంచీ భుజానేసుకుని బయల్దేరాడు. నత్తోడి అమ్మకి నిజం చెప్పేయాలి. ఇంక మోయడం తన వల్ల కాదు.

"చల్లబడటం మానేసి వారమైంది బాబూ," అంది పెద్దావిడ. వంటగది చూపించి, గుమ్మం పక్కనే కుట్టుమిషన్ ముందు కూర్చుంది. తనని గుర్తుపట్టలేదు. హమ్మయ్య అనుకున్నాడు, ఆ వెంటనే తన మీద తనకే అసహ్యమేసింది.

ప్లగ్గు పీకి ఫ్రిజ్ వెనక్కి వంగాడు. కంప్రెసర్ ఎప్పుడో బిగుసుకుపోయింది.

బళ్లో వాళ్లిద్దర్నీ ఎవరూ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఒకడికి మాట తిరగదు, ఇంకొకడి కళ్లు చూస్తే పిల్లలకి జడుపు. బడి ఎగ్గొట్టి, దొంగిలించిన సిగరెట్లతో మార్కెట్ వెనక కోల్డ్ స్టోరేజీలో దూరేవాళ్లు. అక్కడ వాళ్లదో పందెం: ఒకడు లోపలికెళ్తే ఇంకొకడు బయట గడియ పెట్టాలి. చలి తట్టుకోలేక తలుపు కొట్టగానే తియ్యాలి. సిగ్గు విడిచి చెప్పాలంటే, అంత హాయైన రోజులు పిల్లికళ్లోడికి మళ్లీ రాలేదు.

ఓ రోజు బళ్లో పెద్ద గుంపువాళ్లు వీణ్ణి పిలిచి, "ఆ నత్తోణ్ణి వదిలేస్తే నిన్ను మాతో కలుపుకుంటాం," అన్నారు. ఆ సాయంత్రమే నత్తోడు లోపల్నుంచి తలుపు కొట్టాడు. వీడు తియ్యలేదు. తలుపు సందులో నోరు పెట్టి ఒక మాటన్నాడు. కాసేపు నిలబడ్డాడు. వెళ్లిపోయాడు. కాపలావాడు తీస్తాడులే అనుకున్నాడు. ఆ కాపలావాడు తీసింది మర్నాడు పొద్దున, నత్తోడి ఊపిరి ఆగిపోయాక.

"అమ్మా..." పిల్లికళ్లోడు ఫ్రిజ్ వెనక నుంచి లేచాడు. "నేను... మీవాడి స్నేహితుణ్ణి. ఆ రోజు గడియ పెట్టింది నేనే. తియ్యడం... మర్చిపోయాను."

మర్చిపోయాట్ట! ఇంత దూరం వచ్చీ అబద్ధమే వచ్చింది పాపిష్టి నోటికి.

మిషన్ ఆగింది. వంటగదిలో ఎక్కడిదో తడి ఇనుము వాసన. కాళ్లకింద గచ్చు జిల్లుమంది. ఫ్రిజ్ తలుపు అంచునంతా తెల్లటి మంచు పేరుకుంటోంది.

"మర్చిపోలేదుగా బాబూ," అంది పెద్దావిడ మెల్లగా, కోపం లేకుండా. "నత్తి లేకుండా అమ్మా అను, తీస్తానన్నావట."

ఆ మాట విన్నది ఈ లోకంలో ఒక్కడే.

"ఎ... ఎవరు చెప్పారు?"

"చాలాసేపు ప్రయత్నించాడట, పాపం. నువ్వెళ్లిపోయాక కూడా." ఆవిడ దారం కొరికి, గుడ్డ మడత పెట్టింది. "ఇప్పుడు చక్కగా పలుకుతున్నాడులే. విను."

పిల్లికళ్లోడు చేతిలోకి చూసుకున్నాడు. ప్లగ్గు అక్కడే ఉంది.

ఫ్రిజ్ లోపల్నుంచి, ఎక్కడా తడబడకుండా, పదిహేనేళ్ల గొంతు...

"అమ్మా."

పెద్దావిడ లేచి వచ్చి వాడి భుజం మీద చెయ్యేసింది. "అన్నాడుగా," అంది. "ఇంక తియ్యి."