బెల్లం మంట

స్వరూప పదమూడో మంచం మీదికి వంగి, పడుకున్న మనిషి నోటి దగ్గర వాసన చూసింది. బాగా మాగిన పండు వాసన. సరిగానే ఉంది. గరాటును ముఖానికి ఆనించి, అతను ఊపిరి వదిలే దాకా ఓపిగ్గా ఆగింది. ఈ హాల్లో ఎవరూ తొందరగా ఊపిరి తీసుకోరు. ఎప్పుడో గుర్తొచ్చినట్టు ఒకటి లోపలికి, ఇంకెప్పుడో ఒకటి బయటికి. గరాటు మీది అద్దంలో అంకె వెలిగింది. సున్నా పాయింట్ ఏడు. కొవ్వు మంట. పచ్చదీపం నొక్కి పక్క మంచానికి జరిగింది.

పద్నాలుగో మంచం దగ్గర పండు వాసన లేదు.

ఇంకాస్త వంగి చూసింది. లేదు. నుదుటి మీద చెయ్యి వేసింది. ఈ హాల్లో నుదుళ్లన్నీ కుండ అడుగులా చల్లగా ఉంటాయి. ఈ నుదురు గోరువెచ్చగా ఉంది. గరాటు పెట్టింది. సున్నా పాయింట్ తొమ్మిది.

గరాటు తుడిచి మళ్లీ పెట్టింది. అదే అంకె.

మనిషి ఒళ్లు పొయ్యిలాంటిదే. ఏం వేస్తే అది కాల్చుకుంటుంది. తిన్నవాడి ఒంట్లో అన్నమో చక్కెరో మండుతుంది. అప్పుడు లోపలికి పోయిన ప్రాణవాయువు ఎంతో, బయటికొచ్చే బొగ్గుపులుసు గాలి కూడా అంతే. అద్దంలో ఒకటి పడుతుంది. తిండి లేని ఒళ్లు దాచుకున్న కొవ్వును కాల్చుకుంటుంది, అప్పుడే నోట్లో మాగిన పండు వాసన వస్తుంది. దానికి సున్నా పాయింట్ ఏడు. మందమంట హాల్లో అరవై మంచాలూ ఏడు చూపించాలి. ఇక్కడెవరూ అన్నం తినరు.

పద్నాలుగో మంచం మనిషి ఏదో తింటున్నాడు.

అతని పేరు ఓదెలు. మూడో పొరలో పంపులు బాగుచేసేవాడు. పైన నేల మీద ఎండ మనుషుల్ని బతకనివ్వడం మానేశాక జనం పాత బొగ్గు గనుల్లోకి దిగి, పొరలు పొరలుగా కాపురాలు పెట్టుకున్నారు. గాలి పుట్టించేవి పాచి తొట్లు. ఒక ఏడాది ఆ తొట్లకు తెగులొచ్చింది. ఉన్న గాలి అందరికీ చాలక, చీటీలు తీసి అరవై మందిని మందు మీద, చలి మీద పడుకోబెట్టారు. కొత్త తొట్లు పచ్చబడగానే లేపుతామన్నారు. తొట్లు ఇంకా పచ్చబడుతూనే ఉన్నాయి.

స్వరూప దిండు పక్కన చూసింది. చీమలు. సన్నటి వరుస మంచం కోడు ఎక్కి, దిండు దాటి, ఓదెలు పెదవి చివరికి పోతోంది. పెదవిని వేలితో తాకి చూసింది. జిగటగా ఉంది.

అప్పుడే తలుపు తోసుకుని రాజవ్వ లోపలికొచ్చింది. ఓదెలు భార్య. చేతిలో స్టీలు గిన్నె, దూది. పడుకున్నవాళ్ల పెదవులు ఎండిపోకుండా ఇంటివాళ్లు వచ్చి తడపవచ్చు. దానికి నియమాలు ఒప్పుకుంటాయి.

"ఏం బిడ్డా, మా ఆయన దగ్గర్నే నిలబడ్డవ్? లేసి ముచ్చట పెడుతుండా ఏంది?" అంది రాజవ్వ నవ్వుతూ.

"లేసేటట్టే ఉన్నడు. ఆ గిన్నె ఇటియ్యి అవ్వా."

రాజవ్వ నవ్వు ఆగింది. గిన్నె ఇచ్చింది. స్వరూప వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. బెల్లం. పలచగా, యాలకుల వాసనతో.

"ఎన్నాళ్లసంది?"

"పండుగ పోయినకాన్నుంచి. ఎందుకట్ల సూస్తవ్? రెండు సుక్కలే గదా."

"ఉత్త నీళ్లని చెప్పలే?"

"ఉత్త నీళ్లా?" రాజవ్వ గొంతు లేచింది. "ఉత్త నీళ్లు సచ్చేటోళ్ల నోట్లె పోస్తరే! నా చేతుల్తోని నేనే పొయ్యాల్నా? బతికున్న మనిషాయె. నోరు తీపి చేసిన. తప్పా?"

తప్పే. కానీ మందమంట నియమాలు రాసినవాళ్లెవరికీ ఈ తప్పు ఊహకు అంది ఉండదు.

"కూసో అవ్వా. చెప్త. ఈ ఒళ్లు కొవ్వు మీద పడి మెల్లగ కాలుతుండె. నువ్వు బెల్లం పోసినవ్. సన్నగ మండే పొయ్యిలె పుల్ల ఎగదోసినట్టయింది. మంట రాజుకుంది. ఇంకింత గాలి కావాలంటది."

"అయితే ఇయ్యున్రి. లేస్తడు."

ఆ మాట అయీ కాకముందే గోడలోంచి తూకం మాట్లాడింది. గాలి తూచి పంచే యంత్రం అది. దాని గొంతు ఎప్పుడూ పాఠం చెబుతున్నట్టే ఉంటుంది.

"పద్నాలుగవ మంచం. మంట రంగు మారింది. వ్యక్తిని లోతుకు పంపాలా, లేపాలా? షిఫ్టు ముగిసేలోగా చెప్పండి. చెప్పనిచో లోతుకు పంపబడును."

"లోతుకంటే?" రాజవ్వ అడిగింది.

"ఇంకా చల్లబరుస్తరు. ఊపిరి ఇంకా తగ్గిస్తరు."

"మంట రాజుకుందంటివి గదా. గాలి తగ్గిస్తే ఎట్ల?"

స్వరూప ఆమె ముఖంలోకి చూడకుండా చెప్పింది. "గాలి అందకపోయినా ఒళ్లు మంట ఆపదు. బెల్లాన్ని సగం సగం కాలుస్తది. అప్పుడు కండ పులుస్తది. గట్టిగ పరుగెత్తితే పిక్కలు మండుతయి సూడు, గట్ల. పిక్క పులిస్తే కూసుంటే తగ్గుతది. గుండె పులిస్తే కూసోనికి లేదు."

రాజవ్వ మంచం పట్టె మీద మెల్లగా కూర్చుంది. గిన్నె ఇంకా స్వరూప చేతిలోనే ఉంది. చీమలు దారి మార్చుకుని గిన్నె వైపు వస్తున్నాయి.

స్వరూప గోడ మీది ఫోను తీసింది. కంట్రోల్ గదిలో భూమేశ్ ఉన్నాడు. వయసులో చిన్నవాడు, పనిలో పెద్దవాడు.

"భూమేశ్, పద్నాలుగును లేపుదాం."

"చూసిన అక్కా. లేపుదాం. పాలు ఎవరిది రాయాలె?"

పాలు అంటే వాటా. మేలుకున్న ప్రతి మనిషికీ గాలిలో ఒక పాలు. పొరలో మేలుకున్న మనుషులు ఎందరో పాళ్లు కూడా అన్నే. ఒకరు లేవాలంటే ఇంకొకరు పడుకోవాలి.

"నాది రాయి," అంది రాజవ్వ ఫోనుకు దగ్గరగా వచ్చి. "నేను పండుకుంట. నాకేం పనున్నది?"

"నీకు కుదరదు పెద్దమ్మా," భూమేశ్ గొంతు మెత్తగానే ఉంది. "పండుకోవాలంటే ఒంట్ల కొవ్వుండాలె. నీ ఒంట్లె ఏమున్నది, ఎముకలు, నోరు తప్ప?"

"నోరున్నదని నీకెట్ల తెల్సురా?"

"మెస్సుల నీ వెనక లైన్ల నిలబడేది నేనే."

రాజవ్వ నవ్వబోయి, నవ్వలేక పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"తూకం పేరడుగుతది అక్కా," అన్నాడు భూమేశ్. "పేరు లేకుంటే లోతుకే. నేను ఆపలేను. నా దగ్గర ఆ బటనే లేదు."

స్వరూప ఫోను పెట్టేసింది. తన పేరు చెబితే సరిపోతుంది. ఒక్క మాట. ఆ తర్వాత ఓదెలు లేస్తాడు, తను ఇదే మంచం మీద పడుకుంటుంది. నాలుగేళ్ల కూతురు బడి నుంచి వచ్చి, అమ్మ పెదవులు తడపడం నేర్చుకుంటుంది. నోరు తెరిచి, మూసింది.

"వద్దు," అంది రాజవ్వ. ఆమెకు అన్నీ కనిపిస్తాయి. "నీ పేరు చెప్పకు. నీకు పిల్లున్నది."

"మరి ఎవరి పేరు చెప్పాలె అవ్వా? మీవోళ్లు ఎవరన్నా ఉన్నరా ఈ పొరల?"

"ఎవలున్నరు? ఎనిమిదిండ్ల పాలోల్లు. ఎవలన్న పోతే మైల పట్టనీకి పనికొస్తరు. పురుడైతే లడ్డూలు తిననీకి వస్తరు. గాలి అడిగితే ఏ ఒక్కడన్నా తలుపు తీస్తడా?"

పాలోల్లు.

స్వరూప ఆ మాట దగ్గరే ఆగిపోయింది. పాలోల్లంటే ఒక ఇంటిపేరు వాళ్లు. వెనకటికి ఒకే భూమిలో పాలు ఉన్నవాళ్లు. ఒక ఇంట్లో చావైతే అన్ని ఇళ్లూ మైల పాటించాల్సినవాళ్లు. ఈ పొరలో పుట్టిన ఎవరిని అడిగినా ఆ సంగతి చెబుతారు. తూకాన్ని తయారుచేసినవాళ్లు మాత్రం ఇక్కడ పుట్టలేదు. దానికి తెలిసిన పాలు ఒకటే.

ఆమె గోడ దగ్గరికి నడిచింది.

"పద్నాలుగవ మంచం," అంది. "లేపు."

"పాలు ఎవరిది? పేరు చెప్పండి."

"పాలోల్లది."

తూకం ఎప్పుడూ వెంటనే జవాబిస్తుంది. ఈసారి ఇవ్వలేదు. హాల్లో ఎవరో ఒకరు ఊపిరి వదిలిన చప్పుడు, ఆ తర్వాత ఇంకొకరిది వినిపించింది.

"పాలోల్లు: పాలు కలిగినవారు. ఈ పొరలో మేలుకుని ఉన్న వారందరూ. ఇది సరియైనదేనా?"

ఫోను మోగడం మొదలుపెట్టింది. భూమేశ్ వింటున్నాడు. 'కాదు, ఎనిమిది ఇళ్లే' అని స్వరూప తూకానికి చెప్పవచ్చు. అప్పుడది ఎనిమిది ఇళ్ల పేర్లు అడుగుతుంది. అందులో ఒక పేరు పట్టుకుంటుంది. ఫోను మోగుతూనే ఉంది.

"సరైందే," అంది స్వరూప.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత తల మీది ఫ్యాను గొంతు మారింది. గాలి ఫ్యాన్లకు వెంట్రుకవాసి తగ్గడం చేతకాదు. తగ్గితే ఒక మెట్టు తగ్గాలి. మెస్సులో, బడిలో, వర్క్‌షాపులో, పొర పొడవునా ప్రతి గదిలో ఫ్యాన్లన్నీ ఒకేసారి ఒక మెట్టు దిగాయి. ఇన్నేళ్లుగా చెవులకు అలవాటైన హోరు సన్నబడింది. ఆ సన్నబడటమే పెద్ద చప్పుడులా వినిపించింది.

స్వరూప ఫోను ఎత్తింది.

"ఏం చేసినవక్కా?" భూమేశ్ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. "పై అధికార్లు అడుగుతున్నరు. ఆ మాటకు అర్థమేందని."

"నువ్వేమన్నవ్?"

"మా అమ్మనడిగి చెప్తానన్న."

తలుపు దగ్గర అప్పటికే జనం చేరారు. ముందున్నవాడు సారయ్య. వర్క్‌షాపులో వెల్డింగు చేస్తాడు. ముఖానికి పెట్టుకునే నల్లద్దం ఇంకా నుదుటి మీదే ఉంది. కొంచెం రొప్పుతున్నాడు.

"గాలెవలు తగ్గించిన్రు?"

"నేనే," అంది స్వరూప.

"ఎవలనడిగి?"

"ఎవల్ని అడగలే. అడిగే టైం లేకుండె. అడిగితే ఇయ్యరేమోనని భయం కూడా అయ్యింది."

సారయ్య ఇంకేదో అనబోయాడు. రాజవ్వ అడ్డమొచ్చింది. "అరవకురా సారన్నా. అరిస్తే గాలెక్కువ కాలుతది. మా ఆయన లేస్తుండు. అందరి దాంట్ల ఇంతింత తీసుకున్నడు. పాలోల్లు ఇయ్యకుంటే ఎవలిస్తరు?"

"నేను మీ పాలోణ్ని కాదుగదా పెద్దమ్మా! మీ ఇంటిపేరేంది, నా ఇంటిపేరేంది?"

"కాకుంటివి. ఇప్పుడైనవు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సారయ్య నవ్వలేదు. మంచం మీదికి చూశాడు. ఓదెలు ఛాతీ లేచింది. నిద్రలో ఉన్నవాళ్లు తీసుకునే ఊపిరి కాదు అది. బరువు దించుకున్నవాడిలా పొడుగ్గా, గట్టిగా తీసుకున్న ఊపిరి. వదిలేటప్పుడు చిన్నగా మూలిగాడు. చేతి వేళ్లు దుప్పటిని గీరాయి.

సారయ్య నుదుటి మీది నల్లద్దం తీసి పక్కన పెట్టాడు. రొప్పు తగ్గలేదు. నిలబడలేక గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. కూర్చున్నాక రొప్పు తగ్గింది. అది చూసి పక్కనున్నవాళ్లూ కూర్చున్నారు. తలుపు అవతల వరండాలో కూడా ఒకరి వెనక ఒకరు చతికిలబడ్డారు. రాజవ్వ మొగుడి అరచెయ్యి పట్టుకుని రుద్దుతూ, "మెల్లగ, మెల్లగ, తొందరేం లేదు" అంటోంది.

గోడలోంచి తూకం మళ్లీ మాట్లాడింది. అదే పాఠం గొంతు. కానీ ఈసారి మాటకూ మాటకూ మధ్య ఎడం వచ్చింది.

"ఫ్యాన్లు ఒక మెట్టు తగ్గించబడినవి. ఆదా అయిన గాలి అవసరము కన్నా ఎక్కువ. మిగులు పాళ్లు: మూడు." ఆగింది. "ఎవరికి?"

సారయ్య తల తిప్పి రెండో వరుస చివర చూశాడు. అతని తమ్ముడు అక్కడే పడుకుని ఉన్నాడు. పక్కనున్న స్త్రీ ఇంకో మంచం వైపు చూసింది.

"ఎవరికి?" అని తూకం మళ్లీ అడిగింది.

గోడ వైపు ఒక్కరూ చూడలేదు. అందరూ మంచాల వైపు చూస్తున్నారు.